డబ్బా మార్చితే మందు మారినట్టేనా? కూరగాయల్లో తెగులు మందుల ఎంపిక

బీర తోటకి ఒక వారం అమిస్టార్, పది రోజులాగి కాబ్రియో టాప్, ఆ తర్వాత నేటివో. "మార్చి మార్చి కొట్టానన్నా, అయినా బూజు తెగులు ఆగలేదు" అనే మాట తీగజాతి కూరగాయలు పండించే ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. కంపెనీలు మూడు, డబ్బాలు మూడు రకాలు, ధరలు మూడు రకాలు. లోపల ఉన్నవి అజాక్సీస్ట్రోబిన్, పైరాక్లోస్ట్రోబిన్, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్. మూడూ ఒకే కుటుంబం. తెగులు క్రిమి ఒంట్లో మూడూ పట్టుకునే చోటు ఒకటే. ఒకదాన్ని తట్టుకోవడం నేర్చిన తెగులు మిగతా రెండింటినీ తట్టుకుంటుంది. ఆ రైతు మార్చింది డబ్బాలే, మందు మారలేదు.

కాబట్టి షాపులో రెండు మందుల మధ్య తేల్చుకోవాల్సి వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న 'ఏది బాగా పనిచేస్తుంది?' అని కాదు, 'ఏది ఏ గ్రూపుది, నేను పోయినసారి కొట్టింది ఏ గ్రూపు?' అని. ధర, కంపెనీ, పక్క రైతు సలహా అన్నీ ఆ తర్వాతే.

గ్రూపు అంకె ఎక్కడ దొరుకుతుంది?

మందు తెగులు మీద ఎక్కడ దెబ్బ కొడుతుందో దాన్నిబట్టి ఒక్కో కుటుంబానికి ఒక అంకె ఉంది. వీటిని ఇచ్చేది ఫ్రాక్ అనే అంతర్జాతీయ కమిటీ. అది ఊరికే పుట్టలేదు. 1980లో ఐర్లండ్, నెదర్లాండ్స్ దేశాల్లో ఆలుగడ్డ రైతులు లేట్ బ్లైట్ అనే మాడు తెగులుకి మెటలాక్సిల్ కొడితే, అంతకుముందు అద్భుతంగా పనిచేసిన ఆ మందు ఉన్నట్టుండి చేతులెత్తేసింది. అక్కడ దాన్ని విడిగా అమ్మేవారు. అదే కాలంలో బ్రిటన్‌లో మాంకోజెబ్‌తో కలిపి మాత్రమే అమ్మారు, అక్కడ ఆ స్థాయి దెబ్బ తగల్లేదు. మరుసటి ఏడాది, 1981లో ఫ్రాక్ మొదలైంది.

మన దగ్గర చాలా డబ్బాల మీద ఈ అంకె కనబడదు. కనబడేది త్రికోణం. 'ఎరుపు త్రికోణం ఉంటే పవర్ ఎక్కువ' అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెబుతుందంతే, తెగులు మీద ఎంత పనిచేస్తుందో దానికి సంబంధం లేదు. అంకె లేకపోయినా బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో టెక్నికల్ పేరు తప్పకుండా ఉంటుంది. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. పేరు చివర చూస్తే చాలావరకు పని అయిపోతుంది. 'స్ట్రోబిన్' అని ముగిస్తే 11వ గ్రూపు. 'కొనజోల్' అని ముగిస్తే 3వ గ్రూపు: టెబుకొనజోల్, డైఫెనోకొనజోల్, హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ అన్నీ అవే. ఈ చిట్కాకి చిక్కనివి కొన్ని ఉన్నాయి. క్రెసాక్సిమ్ మిథైల్, ఫామోక్సడోన్, ఫెనమిడోన్ పేర్లలో స్ట్రోబిన్ లేకపోయినా 11వ గ్రూపే. మైక్లోబుటానిల్ 3వ గ్రూపే.

మిగతా ముఖ్యమైనవి: కార్బండజిమ్, థయోఫనేట్ మిథైల్ 1వ గ్రూపు. మెటలాక్సిల్, మెటలాక్సిల్-ఎం రెండూ 4. బోస్కాలిడ్, ఫ్లూఓపైరామ్, ఫ్లక్సాపైరోక్సాడ్ 7. సయాజోఫామిడ్ 21. సైమోక్సానిల్ 27. ప్రోపమోకార్బ్ 28. డైమెథోమార్ఫ్, మాండిప్రోపమిడ్, ఇప్రోవాలికార్బ్ మూడూ 40. ఫ్లూఓపికోలైడ్ 43. అమెటోక్ట్రాడిన్ 45. ఇక 'ఎం' అక్షరంతో మొదలయ్యే గ్రూపులు: రాగి మందులు, గంధకం, మాంకోజెబ్, ప్రోపినెబ్, మెటిరామ్, కాప్టాన్, క్లోరోథలోనిల్. ఈ రెండు పేరాల్ని ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే షాపులో మోసపోయే అవకాశం సగం తగ్గుతుంది.

పాత ఎం-45 (మాంకోజెబ్) మేలా, ఖరీదైన కొత్త మందు మేలా?

ఇది అందరూ అడిగేదే. రెండూ చేసే పని వేరు కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి కుదరదు.

'ఎం' గ్రూపు మందు తెగులు క్రిమిని ఒకేసారి చాలా చోట్ల దెబ్బ కొడుతుంది. అన్ని చోట్లా ఒకేసారి మారితే తప్ప క్రిమి దాన్ని తప్పించుకోలేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో మిలార్డే అనే శాస్త్రవేత్త ద్రాక్ష బూజు తెగులు మీద మైలుతుత్తం, సున్నం కలిపిన మిశ్రమం పనితీరును 1885లో ప్రకటించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ బోర్డో మిశ్రమం పనిచేస్తూనే ఉంది. అదే కార్బండజిమ్ కుటుంబం మందులైతే 1960ల చివర మార్కెట్లోకి వచ్చిన కొద్ది కాలానికే తీగజాతి బూడిద తెగులు వాటిని తట్టుకోవడం మొదలుపెట్టింది.

మరి 'ఎం' గ్రూపుతోనే సరిపెట్టుకోవచ్చు కదా? కుదరదు. అవి ఆకు పైపైనే ఉంటాయి. వాన పడితే కడుక్కుపోతాయి, కొత్తగా విచ్చుకున్న ఆకుకి రక్షణ ఉండదు, లోపలికి దిగిన తెగులుని ఏమీ చేయలేవు. తెగులు కనబడకముందే, వారానికోసారి, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టిన రైతుకే అవి పనిచేస్తాయి. 'ఎం-45 పనిచేయదు' అనేవాళ్లలో ఎక్కువమంది మచ్చలొచ్చాక కొట్టినవాళ్లే.

కొత్త మందులు ఆకులోకి దిగుతాయి, కొన్ని కొత్త చిగురుకీ పాకుతాయి, వానకి తట్టుకుంటాయి. కానీ అవి పట్టుకునేది ఒకే చోటు. 11వ గ్రూపునే తీసుకోండి. అది తెగులు క్రిమి కణంలో శక్తి తయారయ్యే చోట సైటోక్రోమ్ బి అనే ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. ఆ ప్రొటీన్‌లో 143వ స్థానంలో గ్లైసిన్ బదులు అలనిన్ వస్తే మందు అతుక్కోలేదు. ఒక్క అక్షరం తేడా, అంతే. అలాంటి క్రిమి కోట్లలో ఒకటో రెండో ముందే ఉంటుంది. మనం మందు కొట్టి మిగతావాటిని చంపి, దానికి పొలమంతా ఖాళీ చేసి పెడతాం. ఈ మందులు 1996లో మార్కెట్లోకి వస్తే, 1998కల్లా జర్మనీలో గోధుమ బూడిద తెగులు వీటిని తట్టుకుంది.

ఇక్కడ 11కీ 3కీ ఉన్న తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది. 11, 1, 4 గ్రూపుల్లో మందు తప్పడం స్విచ్ ఆపేసినట్టు ఉంటుంది: నిన్నటిదాకా పనిచేసింది, ఇవాళ లేదు. డోసు రెట్టింపు చేసినా ఫలితం ఉండదు, ఖర్చూ అవశేషాలూ పెరుగుతాయి. 3వ గ్రూపులో అలా కాదు, బలం మెల్లమెల్లగా తగ్గుతుంది. పన్నెండు రోజులు ఆగిన తెగులు ఎనిమిది రోజులకే తిరిగొస్తుంది, ఆ తర్వాత ఐదు. అందుకే 3వ గ్రూపుని తక్కువ డోసులో కొట్టడం చాలా చేటు. మొదటిసారే పూర్తి డోసు కొట్టాలి. లీటరుకి చెప్పిన మోతాదులో సగమేసి 'రెండుసార్లు కొడదాంలే' అనుకుంటే, సగం బలమున్న క్రిముల్ని మనమే ఏరి పెంచినట్టవుతుంది.

నా లెక్క ఇది: సీజన్ మొత్తానికి వెన్నెముక 'ఎం' గ్రూపు. లోపలికి దిగే మందులు వాతావరణం తిరగబడినప్పుడు, పూత, కాయ దశల్లో, అదీ 'ఎం' తోడుతో. పన్నెండు స్ప్రేలు పడే పంటలో 11వ గ్రూపు మూడు, మహా అయితే నాలుగు. వరసగా రెండుసార్లు ఎప్పుడూ వద్దు.

రెడీమిక్స్ కొంటే ఆ గొడవ ఉండదు కదా?

ఉంటుంది, కాకపోతే డబ్బా లోపల దాక్కుని ఉంటుంది.

రెండు మందులు కలిస్తే ఒకదాన్ని తట్టుకున్న క్రిమిని రెండోది చంపాలి. మిశ్రమం ఉద్దేశమే అది. కాబట్టి రెండూ విడివిడిగా అదే తెగులు మీద పనిచేసేవై ఉండాలి. నేటివోలో టెబుకొనజోల్ 50 శాతం, ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్ 25 శాతం. మిరపలో కాయకుళ్లుకైనా, బూడిద తెగులుకైనా రెండూ పనిచేస్తాయి, మిశ్రమం సార్థకం. అదే దాన్ని దోస బూజు తెగులు మీద కొట్టారనుకోండి. బూజు తెగులు క్రిమి అసలు నిజమైన శిలీంధ్రం కాదు, నీటి బూజుల జాతి. దాని మీద కొనజోల్ ఏదీ పనిచేయదు. అంటే ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్‌ని ఒంటరిగా కొట్టినట్టే. అమిస్టార్ టాప్ కూడా అంతే, అందులో డైఫెనోకొనజోల్ బూజు తెగులుకి లెక్కలోకి రాదు. కాబ్రియో టాప్ సంగతి వేరు. అందులో పైరాక్లోస్ట్రోబిన్ 5 శాతం, మెటిరామ్ 55 శాతం. ఇప్పటికే 11వ గ్రూపుని తట్టుకున్న చోట కూడా మెటిరామ్ ఎంతో కొంత కాపాడుతుంది. మొదట చెప్పిన బీర తోటలో రెండో స్ప్రే కాస్త మెరుగ్గా కనబడిందంటే అది మెటిరామ్ పుణ్యమే కావచ్చు.

రెండో లెక్క పాళ్లది. మెటలాక్సిల్ 8, మాంకోజెబ్ 64 శాతం ఉన్న పొడిని లీటరుకి 2 గ్రాములు కలిపితే నీళ్లలో పడే అసలు మాంకోజెబ్ 1.28 గ్రాములు. విడిగా 75 శాతం మాంకోజెబ్ 2.5 గ్రాములు కలిపితే పడేది 1.875 గ్రాములు. అంటే మిశ్రమంలో మాంకోజెబ్ మూడింట రెండు వంతులే. మెటలాక్సిల్ పనిచేస్తున్నంత కాలం ఇది సమస్య కాదు. అది తప్పిన రోజున మీ పంటని కాపాడేది ఆ రెండు వంతుల మాంకోజెబ్ ఒక్కటే, ధర మాత్రం రెండింటికీ కడుతున్నారు. కార్బండజిమ్ 12, మాంకోజెబ్ 63 శాతం ఉండే సాఫ్ లాంటి మిశ్రమాలదీ ఇదే కథ. నారు దగ్గర్నుంచి కాయ దాకా, ఏ తెగులో చూడకుండా 'ఓ ప్యాకెట్ సాఫ్ వేయండి' అనడం అలవాటైపోయింది. కార్బండజిమ్‌కి లొంగని చోట ఆ ప్యాకెట్‌లో పనిచేసేది మాంకోజెబే. అలాంటప్పుడు మాంకోజెబే పూర్తి డోసులో కొంటే పోలా?

ట్యాంకులో మనమే కలుపుకోవడం చవక, పాళ్లు మన చేతిలో ఉంటాయి. కాకపోతే రాగి మందుల్ని అన్నింటితో కలపకూడదు, బోర్డో మిశ్రమాన్ని దేనితోనూ కలపకూడదు. ముందు ఒక బాటిల్‌లో కలిపి పది నిమిషాలు ఆగి చూడండి. అడుగున ముద్ద కట్టినా, పెరుగులా విరిగినా ట్యాంకులో పోయొద్దు.

టమాట: ముందు ఏ మాడు తెగులో తేల్చుకోండి

మదనపల్లె, పుంగనూరు వైపు చల్లటి రాత్రుళ్లు, మంచు, సన్న తుంపర కలిసొచ్చినప్పుడు టమాటకి వచ్చేది లేట్ బ్లైట్. మిగతా చోట్ల, వేడి వాతావరణంలో, కింది ఆకుల నుంచి మొదలయ్యేది ఎర్లీ బ్లైట్. రెండింటినీ 'మాడు' అనే అంటారు, షాపులో ఒకే మందు ఇస్తారు. కానీ మొదటిది నీటి బూజు జాతి, రెండోది నిజమైన శిలీంధ్రం.

తేడా గుర్తుపట్టడం కష్టం కాదు. ఎర్లీ బ్లైట్ మచ్చలో వలయాలు వలయాలుగా గీతలుంటాయి, చుట్టూ పసుపు. లేట్ బ్లైట్ మచ్చ నీళ్లలో నానినట్టు ముదురుగా, అంచు తెలియకుండా ఉంటుంది. పొద్దున్నే మంచు ఆరకముందు ఆకు తిప్పి చూస్తే మచ్చ అంచున తెల్లటి నూగు. కాండం మీద నల్లటి చారలు. రెండు మూడు రోజుల్లో తోట ఉడికిపోయినట్టు అవుతుంది.

లేట్ బ్లైట్‌కి మెటలాక్సిల్ మీద ఆధారపడటం ఇప్పుడు జూదమే. 13_ఏ2 అని పిలిచే లేట్ బ్లైట్ వంశం దక్షిణ భారతంలో టమాట, ఆలుగడ్డల మీద ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది. అది మెటలాక్సిల్‌ని తట్టుకునే రకం. కొట్టాలనుకుంటే పంట లేతగా ఏపుగా పెరుగుతున్నప్పుడు, తెగులు రాకముందే, మాంకోజెబ్ మిశ్రమంగా, సీజన్‌లో ఒకసారి. మచ్చలు కనబడ్డాక మాత్రం ముట్టుకోవద్దు. నారుమడిలో నారుకుళ్లుకి కూడా దాన్ని పోయకండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు మొదళ్లు తడిసేలా పోస్తే ఆ పని జరుగుతుంది, లేదా ముందే ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం వేసుకున్న ఎరువు వాడండి.

దాని బదులు ఏవి? మబ్బు పట్టి, ఇంకా మచ్చ కనబడకపోతే 40వ గ్రూపు, మాంకోజెబ్ తోడుతో. డైమెథోమార్ఫ్, మాండిప్రోపమిడ్‌లలో ఏది తీసుకోవాలని అడుగుతారు. వాన ఎక్కువుంటే నేను మాండిప్రోపమిడ్ వైపు మొగ్గుతాను, ఆకు మైనపు పొరకి గట్టిగా పట్టుకుంటుంది. కానీ ఒకటి కొట్టాక రెండోది కొట్టడం మార్పు కాదు, రెండూ 40వ గ్రూపే. పక్క పొలంలో తెగులు వచ్చేసింది, మన దాంట్లో నిన్నో మొన్నో దిగి ఉంటుందనిపిస్తే సైమోక్సానిల్, మాంకోజెబ్ మిశ్రమం. సైమోక్సానిల్ సోకిన ఒకటి రెండు రోజుల్లోపు తెగులుని లోపలే ఆపగలదు, కానీ నాలుగు రోజులకే దాని బలం అయిపోతుంది. ఐదారు రోజుల్లో తర్వాతి స్ప్రే పడాల్సిందే. ఆ తర్వాతిది ఫ్లూఓపికోలైడ్, ప్రోపమోకార్బ్ కలిసిన ఇన్ఫినిటో లాంటిది అయితే రెండు కొత్త గ్రూపులు ఒకేసారి వస్తాయి. ఏది కొన్నా డబ్బా మీద, లోపలి కరపత్రంలో మీ పంట పేరు ఉందో లేదో, చివరి స్ప్రేకీ కోతకీ మధ్య ఎన్ని రోజులు చెప్పారో చూడండి. మూడు రోజులకోసారి కాయ తెంపే టమాటలో చాలా మందులు ఈ ఒక్క లెక్కలోనే పక్కకు పోతాయి.

ఎర్లీ బ్లైట్‌కి ఇంత టెన్షన్ అక్కర్లేదు. మాంకోజెబ్, క్లోరోథలోనిల్ మార్చి మార్చి, మధ్యలో ఒకసారి డైఫెనోకొనజోల్, ఇంకోసారి అజాక్సీస్ట్రోబిన్ మిశ్రమం. 7వ గ్రూపుని కొత్తది కదా అని వరసగా వాడొద్దు, అమెరికా ఆలుగడ్డ పొలాల్లో ఎర్లీ బ్లైట్ బోస్కాలిడ్‌ని తట్టుకోవడం ఇప్పటికే జరిగింది. మల్చింగ్ షీటు వేసి, ఊత కర్రలు కట్టి, నేలకి తగిలే కింది ఆకులు తీసేసిన తోటలో రెండు మూడు స్ప్రేలు ఎలాగూ తగ్గుతాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ (ఐఐహెచ్‌ఆర్) వాళ్ల అర్క రక్షక్ ఎర్లీ బ్లైట్‌ని తట్టుకునే హైబ్రిడ్, అర్క అభేద్ లేట్ బ్లైట్‌ని కూడా తట్టుకుంటుంది. మార్కెట్లో మీ వ్యాపారి ఆ కాయ కొంటాడో లేదో కనుక్కుని పెట్టుకోండి. తెగులు తట్టుకున్నా రేటు రాని కాయ ఎవరికి కావాలి?

బీర, దోస, కాకర: ఇక్కడే అసలు ప్రమాదం

తీగజాతి బూజు తెగులు క్రిమి మందుల్ని తట్టుకోవడంలో అన్నిటికంటే ముందుంటుంది. అమెరికాలో 2004లో కొత్త రూపంలో విరుచుకుపడి, అప్పటిదాకా బూజుని తట్టుకున్న దోస రకాల్ని కూడా పడగొట్టింది. మెటలాక్సిల్, స్ట్రోబిన్ మందులు దానికి లెక్క కాలేదు. తర్వాత 40వ గ్రూపు కూడా అక్కడ పట్టు కోల్పోయింది.

ఆకు మీద ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, పొద్దున్నే అడుగున బూడిద, ఊదా కలిసిన బూజు కనబడితే అదే ఇది. 4, 11 గ్రూపులు నమ్ముకోవద్దు. పందిరి ఎక్కేదాకా మాంకోజెబ్ లేదా క్లోరోథలోనిల్. తర్వాత సయాజోఫామిడ్ ఒకసారి, అమెటోక్ట్రాడిన్, డైమెథోమార్ఫ్ కలిసిన జాంప్రో ఒకసారి, మధ్యలో మళ్లీ 'ఎం' గ్రూపు. రాగి మందులు లేత తీగల్ని మాడ్చే ప్రమాదం ఉంది, చల్లటి తడి రోజుల్లో మరీను.

ఇదే పందిరికి మంచు తగ్గి పొడి వాతావరణం రాగానే బూడిద తెగులు వస్తుంది, ఆకు పైన తెల్లటి పొడి చల్లినట్టు. దీని లెక్క తలకిందులు. బూజుకి పనికొచ్చే సయాజోఫామిడ్ ఇక్కడ పనికిరాదు, బూజుకి పనికిరాని కొనజోల్ ఇక్కడ పనిచేస్తుంది. చవకలో మంచిది నీటిలో కరిగే గంధకం, లీటరుకి 3 గ్రాములు. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో ఆకు మాడుతుంది, కొన్ని రకాలు అంతకంటే తక్కువకే మాడతాయి. ముందు నాలుగైదు మొక్కల మీద కొట్టి రెండు రోజులు చూడండి. గంధకం, 3వ గ్రూపు, మళ్లీ గంధకం, ఒకసారి 7 లేదా 11. చాలు.

మిరప

మిరపలో బూడిద తెగులు తీగజాతి లాంటిది కాదు. క్రిమి ఆకు లోపల పెరిగి అడుగు నుంచి బయటికొస్తుంది, పైన పసుపు మచ్చ, అడుగున తెల్లటి పొర. కాబట్టి ఇక్కడ గంధకం రాకముందే పనిచేస్తుంది, వచ్చాక 3వ గ్రూపే. గంధకంతో నల్లి కూడా కాస్త అదుపులో ఉంటుంది, అది అదనపు లాభం.

కాయకుళ్లుకి కార్బండజిమ్ వదిలేయమంటాను. ఈ తెగులు కలిగించే కొల్లెటోట్రైకమ్ జాతిలో ఆ మందుకి పుట్టుకతోనే సరిగా లొంగని రకాలున్నాయి. విత్తనశుద్ధి, పండిన కుళ్లు కాయల్ని కోసేటప్పుడే వేరే సంచిలోకి తీసేయడం, కాప్టాన్ లేదా ప్రోపినెబ్, పండుబారే ముందు 3, 11 గ్రూపుల మిశ్రమం ఒకటి రెండుసార్లు. ఇక్కడ నేటివో లాంటివి తమ డబ్బుకి న్యాయం చేస్తాయి.

నిజంగా మందుని తట్టుకుంటోందా, లేక వేరే కారణమా?

మందు తప్పిన ప్రతిసారీ తెగులు మొండిదైందని అనుకోవద్దు. ముందు స్ప్రే అయిన వెంటనే తోట మధ్యలోకి వెళ్లి నడిమి ఆకు తిప్పి చూడండి. అడుగు పొడిగా ఉంటే తప్పు నాజిల్‌ది, కూలీ నడకది. అరిగిపోయిన నాజిల్ మార్చడానికయ్యే ఖర్చు ఒక ప్యాకెట్ మందు కంటే తక్కువ.

రెండోది, అది తెగులు మందుకి లొంగే జబ్బేనా? మచ్చలున్న ఆకుని తడి దూదితో కలిపి పాలిథీన్ కవర్లో కట్టి రాత్రంతా నీడలో ఉంచండి. పొద్దున్నకి మచ్చ మీద నూగు బూజు లేస్తే మన లెక్కలోని తెగులే. ఏమీ లేవకుండా మచ్చ నూనె మరకలా మెరుస్తుంటే బాక్టీరియా కావచ్చు, దాని మీద కొనజోల్, స్ట్రోబిన్ ఎన్ని కొట్టినా దండగ.

మూడోది, అసలు మందు అసలుదేనా? బిల్లు లేకుండా, కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా 'బయో' అని అమ్మే సీసాల్లో ఏముందో, ఏ గ్రూపుని మనకి తెలియకుండా కొడుతున్నామో చెప్పలేం.

ఇవన్నీ సరిగానే ఉంటే తోటలోనే పరీక్ష పెట్టండి. నాలుగు సాళ్లకి అనుమానం ఉన్న మందు, పక్క నాలుగు సాళ్లకి వేరే గ్రూపు మందు, రెండింటికీ ఒకే రోజు, ఒకే ట్యాంకు నీళ్లు, పూర్తి డోసు. వారం తర్వాత పాత మచ్చల్ని కాదు, కొత్తగా వచ్చిన ఆకుల్ని చూడండి. అనుమానం ఉన్న సాళ్లలో కొత్త ఆకు మీద మచ్చలు దిగుతూ, పక్క సాళ్లలో ఆగితే ఆ గ్రూపుని ఈ సీజన్‌కి పక్కన పెట్టేయండి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఆ రెండు సాళ్ల ఆకులు వేర్వేరు కవర్లలో తీసుకెళితే వాళ్లకీ చెప్పడం తేలిక.

నారు కొనేటప్పుడు, తోట తీసేసేటప్పుడు

నర్సరీ నుంచి తెచ్చే ట్రే నారుకి అక్కడే నాలుగైదు స్ప్రేలు పడి ఉంటాయి. ఏం కొట్టారో అడిగి రాసుకోండి. వాళ్లు మెటలాక్సిల్, అజాక్సీస్ట్రోబిన్ ముందే కొట్టి ఉంటే మీ లెక్కలో ఆ గ్రూపులు ఒకసారి అయిపోయినట్టే. నోటు పుస్తకంలో తేదీ పక్కన బ్రాండు పేరుతోపాటు గ్రూపు అంకె రాస్తే చాలు, నెల తిరిగేసరికి ఏది ఎక్కువైందో కళ్లముందు కనబడుతుంది.

పక్క రైతు సంగతీ ఉంది. బూజు, లేట్ బ్లైట్ బీజాలు గాలిలో కిలోమీటర్లు పోతాయి. మీరు ఎంత జాగ్రత్తగా గ్రూపులు మార్చినా, పక్క పొలంలో ఒకే మందు ఆరుసార్లు కొడితే అక్కడ మిగిలిన క్రిమి మీ పందిరి మీదికే వస్తుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం ఉన్న ఊళ్లో ఈ సీజన్‌కి ఏ గ్రూపులు ఎప్పుడు అని ఒక కాగితం మీద ఒప్పుకుని, మందులు కలిసి కొనుక్కోవడం అన్నిటికంటే చవకైన పద్ధతి. టోకున కొంటే ధరా తగ్గుతుంది.

రేటు పడిపోయిన తోటని చాలామంది కోత ఆపేసి అలాగే వదిలేస్తారు. స్ప్రే ఆగుతుంది, తెగులు ఆగదు. సీజన్ పొడుగునా మందులు తట్టుకుని మిగిలిన క్రిములే ఆ వదిలేసిన తోటలో వారాల తరబడి పెరిగి పక్కన కొత్తగా నాటిన నారు మీదికి చేరతాయి. చివరి కోత అయిన వారంలోపే మొక్కలు పీకి, కుప్పేసి, కాల్చేయడమో లోతుగా పూడ్చేయడమో చేయండి. పందిరి తీగలు, ఊత కర్రల దారాలు తీయడానికి ఎలాగూ కూలీలు వస్తారు, ఆ రోజే ఈ పనీ పెట్టుకోండి.